పాత హెక్స్ యుద్ధ గేములు మళ్ళీ బల్ల మీదికి: బెజవాడ ఉక్కలో ఆడే పద్ధతి

అటక మీంచి దింపిన పాత వార్‌గేమ్, అంటే హెక్స్ (ఆరు మూలల గడి) మ్యాపు మీద అట్ట బిళ్ళలను సైన్యాలుగా నడిపే ఆట, మూడో టర్నులోనే మూలపడితే నింద రూల్ బుక్కు మీద పడుతుంది. పాపం, చాలాసార్లు దాని తప్పేం ఉండదు. బిళ్ళలు ఏరుకోవడానికే గంటన్నర పడుతుంది. మ్యాపు మడతల దగ్గర గూడు కట్టి లేస్తుంది. ఫ్యాను స్పీడు పెంచగానే ఒక డివిజన్ మంచం కిందికి పోతుంది. ఆట ఆగిపోయేది ఇక్కడ. కాబట్టి రూల్స్ కంటే ముందు బల్ల సంగతి చూడాలి.

అంతకన్నా ముందు, ఏ గేమ్‌తో మొదలుపెట్టాలి? ఈ తరహా ఆటలకు ఆద్యుడు చార్లెస్ రాబర్ట్స్. ఆయన 1954లో తెచ్చిన 'టాక్టిక్స్' చదరపు గడుల మీద ఆడేది. చదరంలో మూల నుంచి మూలకు వెళ్తే దూరం 1.4 రెట్లు, లెక్కలో మాత్రం ఒకే గడి. ఆరు మూలల గడిలో ఎటు వెళ్ళినా దూరం ఒక్కటే. అందుకే ఆయన కంపెనీ అవలాన్ హిల్ 1961 నుంచి హెక్స్‌కి మారింది. 'స్టాలిన్‌గ్రాడ్' (1963), 'ఆఫ్రికా కోర్' (1964), 'పాంజర్‌బ్లిట్జ్' (1970), 'స్క్వాడ్ లీడర్' (1977) ఆ ఇంటివే.

చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కూర్చునేవాళ్ళు వీటిలో దేనితోనూ మొదలుపెట్టొద్దు. ఎస్‌పీఐ అనే ఇంకో అమెరికన్ ప్రచురణ సంస్థ వాళ్ళ 'నెపోలియన్ ఎట్ వాటర్లూ' (1971) తీయండి. అప్పట్లో 'స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్' పత్రిక కొత్త చందాదారులకు ఉచితంగా ఇచ్చిన గేమ్ అది. చిన్న మ్యాపు, తక్కువ బిళ్ళలు, 10 టర్నులు. ఒక సాయంత్రంలో ముగుస్తుంది. దాన్ని రెండుసార్లు ఆడాక 'ఆఫ్రికా కోర్'కి వెళ్ళొచ్చు. అది 1941 ఏప్రిల్ నుంచి 1942 అక్టోబరు దాకా, నెలకు రెండు చొప్పున 38 టర్నులు. దాంట్లో సప్లై అనే కొత్త తలనొప్పి ఒక్కటే అదనం. 'పాంజర్‌బ్లిట్జ్' ఆకర్షణ వేరే. కానీ ట్యాంకులు ఒక పొద నుంచి ఇంకో పొదకు మధ్యలో కాల్పులే లేకుండా దూకేస్తాయనే విమర్శ దానికి పుట్టినప్పటి నుంచీ ఉంది, అది నిజం కూడా. ఇక ఎస్‌పీఐ వాళ్ళదే 1979 నాటి 'ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా' ఉంది. ఇటాలియన్ సైనికులు పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్ళు లెక్కకట్టే గేమ్. దాన్ని చదివి నవ్వుకోవడానికి ఉంచుకోండి.

మ్యాపు, అద్దం

ఎస్‌పీఐ తరహా కాగితం మ్యాపుల కొలత 22 × 34 అంగుళాలు, అంటే సుమారు 559 × 864 మి.మీ. మడతలు పోవాలని ఇస్త్రీ పెట్టెతో రుద్దొద్దు. మడత దగ్గర రంగు పెచ్చులుగా లేస్తుంది. ప్రతి మడతనూ ఒకసారి వెనక్కి, అంటే ఎదురు దిశలో మెల్లగా మడిచి, పరిచి, పైన అక్రిలిక్ షీటు వేయండి. నేమ్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గర పారదర్శకమైన షీటు అడిగితే 24 × 36 అంగుళాలకు కోసి ఇస్తారు. 2 మి.మీ. మందం చాలు. 3 మి.మీ. అయితే రెండు కిలోల దాకా తూగుతుంది, ఎత్తి పెట్టడం విసుగు.

రెండు వైపులా ఉండే పలచని కవరు తీసేశాక షీటును పొడిగుడ్డతో తుడవొద్దు. స్టాటిక్ పుట్టి తేలికపాటి బిళ్ళలు అంటుకుపోతాయి, ఒకటి ఎత్తితే పక్కది కదులుతుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డ వాడండి. గాజు తుడిచే అమోనియా ద్రావణాలు కొడితే అక్రిలిక్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. ట్యూబ్‌లైటు నేరుగా నెత్తిన ఉంటే గడుల నంబర్లు మెరుపులో కనపడవు, బల్లను గోడ వైపు ఒక అడుగు జరపండి.

పాత ప్రతిని విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి గేమ్ ధరను దాటిపోవడం మామూలే. ప్రచురణకర్తలు ఉచితంగా ఇచ్చిన గేమ్ అయితే ప్రింట్ తీసుకోవడం మేలు. విజయవాడ గవర్నర్‌పేటలోగానీ, గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలోగానీ ఇంటి ప్లాన్లు తీసే ప్లాటర్ ఉన్న షాపు చూసుకోండి. అక్కడ దొరికే ఏ1 కాగితం 594 × 841 మి.మీ. పొడవులో మీ మ్యాపు కంటే 23 మి.మీ. తక్కువ. అంచులు కూడా వదలాలి కాబట్టి 96 శాతానికి తగ్గించి తీయమనండి. 16 మి.మీ. గడి 15.4కి వస్తుంది. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. బిళ్ళ అందులో హాయిగా కూర్చుంటుంది.

ఫ్లెక్సీ మీద కొట్టించాలనే ఆలోచన అందరికీ వస్తుంది. కానీ ఆ గుడ్డ నేత గీతల కింద నుంచి కనిపిస్తుంది, గడి నంబర్లు అలుక్కుపోతాయి, చుట్టి పెడితే మళ్ళీ చాపలా పరుచుకోదు. మ్యాట్ కాగితమే తీసుకోండి.

బిళ్ళలు

కొత్తగా చేసుకునే బిళ్ళలకు 300 జీఎస్ఎం కార్డు చాలదు. అర అంగుళం ముక్క గ్రాములో ఇరవయ్యో వంతు కూడా తూగదు, సీలింగ్ ఫ్యాను రెండో నంబరుకే లేస్తుంది. బైండింగ్ షాపులో దొరికే 2 మి.మీ. బూడిదరంగు అట్ట వాడితే అదే బిళ్ళ దాదాపు ఐదో వంతు గ్రాము తూగుతుంది, నిలబడుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఫ్యాను ఆపి ఆడదామనే సలహా ఎవరిచ్చినా వినకండి. మందం అట్ట వేసి, బల్లను ఫ్యాను కిందనుంచి పక్కకు జరపడమే దారి.

బొమ్మల షీటును ఏ4 స్టిక్కర్ కాగితం మీద తీసి అంటించండి. ఫెవికాల్ పూస్తే అందులోని నీటికి అట్ట వంగుతుంది. ముందు వైపు అంటించాక నాలుగు మూలల గుర్తుల దగ్గర గుండుసూదితో నిట్టనిలువుగా గుచ్చి, అట్ట తిప్పి, ఆ రంధ్రాలకు వెనక షీటు గుర్తులు సరిపెట్టండి. ఈ పని ఎగ్గొడితే వెనక బొమ్మ 2 మి.మీ. పక్కకు జరిగి, పూర్తి బలం అంకె ఒక బిళ్ళ మీద, దెబ్బతిన్నాక తిప్పి వాడే సగం బలం అంకె పక్క బిళ్ళ మీద తేలుతుంది.

కోతకు స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కటరు. ఆవకాయ ముక్కలు కొట్టినట్టు ఒక్క వేటుకు తెగాలని చూస్తే అంచు చీలుతుంది. తేలిగ్గా నాలుగైదు సార్లు లాగండి. ముందు నిలువు గీతలన్నీ కోయండి, కానీ పైనా కిందా 5 మి.మీ. అంచు వదిలేయండి. అలా చేస్తే షీటు విడిపోకుండా అడ్డగీతలకు నిలుస్తుంది. చివరికి నెయిల్ కటర్‌తో ప్రతి మూలా ఒకటిన్నర, రెండు మి.మీ. తీసేయండి. ఇది సోకు కోసం చేసేది కాదు. మూలలు పదునుగా ఉంటే ఒక దొంతర ఎత్తేటప్పుడు పక్క దొంతర కూడా లేస్తుంది.

సర్దడం దగ్గర ఒక్కటే సూత్రం. బిళ్ళలను రకం బట్టి పెట్టొద్దు, ఎప్పుడు రంగంలోకి వస్తాయో దాన్ని బట్టి పెట్టండి. మొదటి టర్నుకు ముందే మ్యాపు మీద ఉండేవి ఒక జిప్ కవరు, తర్వాత వచ్చేవి టర్నుకో కవరు, గుర్తు బిళ్ళలు వేరే. గంటన్నర పని పావుగంటకు దిగుతుంది.

రూల్స్ చదివే వరుస

మొదటి పేజీ నుంచి చదవొద్దు. ఎస్‌పీఐ పుస్తకాలు 5.0, 5.1, 5.11 అని చట్టంలా నంబర్లు వేసి ఉంటాయి, వెతుక్కోవడానికి బాగుంటాయి, వరుసగా చదివితే నిద్ర వస్తుంది. ముందు టర్ను వరుస, తర్వాత నేల పట్టిక, ఆ తర్వాత పోరాట ఫలితాల పట్టిక. వాటిని పక్కన పెట్టుకుని జోన్ ఆఫ్ కంట్రోల్ రూలు చదవండి. యూనిట్ (ఒక సైనిక దళాన్ని సూచించే బిళ్ళ) చుట్టూ ఉన్న ఆరు గడులే దాని జోన్. ఇది గేమ్‌కో రకం, పాత జ్ఞాపకం మోసం చేసేది ఇక్కడే. ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కార్డు మీద రాసుకోండి:

- శత్రువు జోన్‌లో అడుగుపెడితే ఆగిపోవాలా?
- బయటికి రావచ్చా, వస్తే కదలికలో ఎంత ఖర్చు?
- ఒక జోన్ నుంచి నేరుగా ఇంకో జోన్‌కి పోవచ్చా?
- వెనక్కి తగ్గే దారిని, సప్లై దారిని జోన్ అడ్డుకుంటుందా? మన యూనిట్ అక్కడ ఉంటే ఆ అడ్డు పోతుందా?
- పక్కనున్న శత్రువుతో పోరాడి తీరాలా, మన ఇష్టమా?

చివరి ప్రశ్న ఆట స్వభావాన్నే మార్చేస్తుంది. పోరాడి తీరాలన్న గేముల్లో మీ యూనిట్లు ఇద్దరు శత్రువులను తాకుతుంటే ఇద్దరి మీదా దాడి జరగాలి. అసలు దాడికి బలమంతా పోగేసి, రెండోవాడి మీదికి 1 బలం ఉన్న చిన్న యూనిట్‌ను పంపుతారు. అది పోతుంది, పోవడానికే పంపారు. దీన్నే సోక్-ఆఫ్ అంటారు. అలా బలి ఇవ్వడానికి చిన్న యూనిట్లు మిగుల్చుకోనివాడు 'ఆఫ్రికా కోర్'లో సగం దాకా కూడా రాలేడు.

దాడి బలాన్ని కాపుకాసేవాడి బలంతో పోల్చే నిష్పత్తి లెక్కను ఈ గేముల్లో సాధారణంగా కాపుకాసేవాడి వైపే సవరిస్తారు. 4, 4, 3 కలిపి 11తో 4 మీదికి వెళ్తే 2.75. ఇది 3:1 కాదు, 2:1. ఇంకొక్క పాయింటు ఉంటే 12, అప్పుడు 3:1. అదే శత్రువు బలాన్ని రెట్టింపు చేసే నేల మీద ఉంటే 8 అవుతాడు. మీ 11 అప్పుడు 1:1కి పడిపోతుంది, 3:1 కావాలంటే 24 పోగేయాలి. కాబట్టి కదిలించే ముందే లెక్క చూసుకోండి. మామూలు నేల మీదున్న 4 మీదికి 11 బలంతో వెళ్ళినా 8తో వెళ్ళినా అదే 2:1. ఆ మిగిలిన 3ని ఇంకో చోట వాడాలి.

గీత గీసి నిలబడేటప్పుడు గడుల వరుస దిక్కు చూడండి. వరుస వెంబడి నిలిస్తే ప్రతి యూనిట్‌నూ ఎదుటివాడు రెండు గడుల నుంచి తాకుతాడు. వరుసకు అడ్డంగా, వంకరటింకరగా నిలిస్తే ముందుకు పొడుచుకొచ్చిన గడిని మూడు గడుల నుంచి కొట్టొచ్చు, లోపలికి ఉన్నదాన్ని ఒక్కదాని నుంచే. గట్టి యూనిట్లు పొడుచుకొచ్చిన చోట, బక్కవి లోపల. అనుభవం ఉన్నవాళ్ళు కూడా తరచూ మరిచే సంగతి ఇది.

ఎక్స్‌ఛేంజ్ (రెండు వైపులా బిళ్ళలు పోయే) ఫలితం వస్తే దాడిచేసినవాడు తీయాల్సింది బిళ్ళ మీద అచ్చయిన బలానికి సమానంగానా, నేల వల్ల రెట్టింపైన బలానికా అన్నది గేమ్‌ను బట్టి మారుతుంది. ఆట మొదలవకముందే చూసి పెన్సిల్‌తో పట్టిక పక్కన రాసేయండి. మధ్యలో తేల్చుకోబోతే స్నేహాలు చెడతాయి. సవరణల పత్రం దొరికితే దాన్ని విడిగా ఉంచకుండా ముక్కలు కోసి ఆయా రూలు పక్కనే అంటించండి.

ఒక్కరే ఆడేటప్పుడు, మధ్యలో ఆపేటప్పుడు

ఈ గేముల్లో దాచేది పెద్దగా ఉండదు కాబట్టి రెండు వైపులా ఒక్కరే ఆడొచ్చు. ప్రతి వైపు మూడు టర్నుల ప్లాను ముందే కాగితం మీద రాయండి, ఎదుటి ప్లాను తెలుసని మధ్యలో మార్చొద్దు. రెండు ఎత్తులు సమానంగా తోస్తే డైస్ వేయండి, సరి వస్తే ఒకటి, బేసి వస్తే ఇంకోటి. డైస్ మ్యాపు మీద వేయకుండా అడుగున గుడ్డ పరిచిన స్టీలు పళ్ళెంలో వేయండి. దొంతరలు ఎత్తడానికి స్టాంపులు సేకరించేవాళ్ళు వాడే చప్పిడి మొన పట్టకారు మంచిది.

మ్యాపు కింద అదే కొలత ప్లైవుడ్ ముక్క ఉంటే మొత్తం ఎత్తి మంచం కిందికి తోయొచ్చు. తోసే ముందు నిట్టనిలువుగా పై నుంచి ఫోటో తీయండి, దొంతరల్లో కింద ఉన్నవాటిని గడి నంబరుతో నోటుపుస్తకంలో రాయండి. ఫోటోలో పై బిళ్ళే కనిపిస్తుంది.

ఆడేవాళ్ళలో ఒకరు గుంటూరులో, ఒకరు విజయవాడలో ఉండి ప్రతి వారం కలవడం కుదరకపోతే వాసల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎత్తులు లాగ్ ఫైలుగా ఈమెయిల్‌లో పంపుకోవచ్చు. కాకపోతే చాలా గేములకు అది రూల్స్ పట్టించుకోదు. తప్పు ఎత్తు వేసినా ఒప్పుకుంటుంది. అందుకే కొత్త గేమ్‌ను దాని మీద నేర్చుకోకుండా, బల్ల మీద ఒకసారి ఆడాకే వాడండి.

వానాకాలంలో పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో పడుకోబెట్టండి, కూలర్ ఉన్న గదిలో వద్దు. కలరా ఉండలు వేస్తే పెట్టె బయటే ఉంచండి, వాటి ఆవిరికి పాలీస్టైరీన్ ట్రేలు మెత్తబడి బిళ్ళలు అతుక్కుంటాయి. లోపల పెట్టే ప్రతిసారీ బిళ్ళలు లెక్కపెట్టి కవర్లు మూయండి, ఒకటి తగ్గితే మర్నాడు పొద్దున చీపురు పడకముందే వెతకండి.