వేసవిలో ఆల్జీబ్రా 2: మొత్తం చెప్పకండి, రానిదే చెప్పండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "మా వాడు జీటీ అండీ, జామెట్రీ అయిపోవచ్చింది, ఈ సమ్మర్‌లో ఆల్జీబ్రా 2 చేయించేద్దామా?" జీటీ అంటే గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్, బాగా చురుకైనవాళ్ళని స్కూలు గుర్తించిన పిల్లలు. ఆల్జీబ్రా 2 అంటే ఇక్కడి హైస్కూల్లో జామెట్రీ తర్వాత వచ్చే లెక్కల కోర్సు. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. టెక్సస్ వచ్చాక కూడా ఆ పని వదల్లేదు, వేసవిలో మా డైనింగ్ టేబుల్ ఖాళీగా ఉండదు. అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఇదే: చేయించండి, కానీ కోర్సు మొత్తం కూర్చోబెట్టి చెప్పకండి. వాడికి ఏది రాదో అదే చెప్పండి.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసర్ 1971లో లెక్కల్లో బాగా ముందున్న పిల్లల కోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే వాళ్ళకి శనివారాల్లో వేగంగా సాగే లెక్కల క్లాసు పెట్టించారు. ఆయన పద్ధతిలో ముందు పరీక్ష పెడతారు, తప్పిన చోట మాత్రమే పాఠం చెబుతారు, మళ్ళీ పరీక్ష పెడతారు. మనం దీన్ని తలకిందులు చేస్తాం. మొదటి చాప్టర్ నుంచి వరసగా చెప్పుకుంటూ పోతాం. తెలివైన పిల్లాడు రెండో వారానికల్లా ఆవలిస్తుంటాడు, జూలై వచ్చేసరికి పుస్తకం సోఫా కిందకి పోతుంది.

అసలు మీ పిల్లాడికి ఇది సరిపోతుందో లేదో ముందు చూసుకోండి. జీటీ అని స్కూలువాళ్ళు రాసినంత మాత్రాన సరిపోదు. నేను ఒక లెక్క ఇస్తాను: ఒక సంఖ్యకి దాని రెసిప్రోకల్ (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది) కలిపితే 3 వచ్చింది, ఆ రెండింటి వర్గాలు కలిపితే ఎంత? జవాబు 7. సంఖ్య ఏమిటో కనుక్కోనక్కర్లేదు, మొత్తాన్ని వర్గం చేసి 2 తీసేస్తే చాలు. కొందరు ఫార్ములా పెట్టి, రూట్ 5తో కుస్తీ పట్టి అదే 7 తెస్తారు. అదీ మంచిదే. నేను జవాబు కోసం చూడను. 7 వచ్చాక "అయితే ఘనాలు కలిపితే ఎంత ఆంటీ?" అని తనంతట తను అడిగాడా, లేదా? (18 వస్తుంది.) అడిగిన పిల్లని ఆపడం మనవల్ల కాదు. "అయిపోయింది, ఇక వెళ్ళచ్చా?" అన్న పిల్లాడికి ఈత నేర్పించండి, ఆల్జీబ్రా 2 ఆగస్టులో స్కూల్లో ఎలాగూ చెబుతారు.

క్లాసులో కూర్చోకుండానే ఆ కోర్సు పూర్తి చేసినట్టు క్రెడిట్ కావాలనుకుంటే కాగితాల పని ముందే చేసుకోవాలి. టెక్సస్‌లో క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఉంది, మనవాళ్ళు సీబీఈ అంటారు. స్కూల్లో ఆ కోర్సు ఎప్పుడూ చదవని పిల్లలకి 80 శాతం వస్తే క్రెడిట్ ఇస్తారు. చదివి ఫెయిలైనవాళ్ళకి 70 చాలు. ఒక కోర్సుకి రెండు సార్లకి మించి రాయనివ్వరు. ఆల్జీబ్రా 2 అంటే ఏ, బీ అని రెండు సెమిస్టర్లు, రెండు పరీక్షలు. క్రెడిట్ వస్తే ఆ మార్కు స్కూలు రికార్డైన ట్రాన్‌స్క్రిప్ట్‌ మీదకి ఎక్కుతుంది. అది జీపీఏలో, అంటే మొత్తం మార్కుల సగటులో, కలుస్తుందా లేదా అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది. కౌన్సెలర్‌కి మే నెలలోనే ఈమెయిల్ పెట్టండి. జూన్‌లో వాళ్ళు దొరకరు, రిజిస్ట్రేషన్ గడువు మాత్రం మీ కోసం ఆగదు.

స్కూలు మూసిన మొదటి వారం పాఠం ఏమీ వద్దు. ఒక పూర్తి ప్రాక్టీస్ పరీక్ష ప్రింట్ తీసి, కాగితం మీద రాయించండి. ప్రతి ప్రశ్న పక్కనా తనకి అనుమానం ఉంటే చిన్న ప్రశ్న గుర్తు పెట్టమనండి. దిద్దేటప్పుడు తప్పుల్ని ఎలాగూ చూస్తాం. నేను ముందు చూసేది ప్రశ్న గుర్తు ఉండి కూడా కరెక్ట్ అయినవాటిని. అవి అదృష్టం కొద్దీ వచ్చిన మార్కులు, వాటికీ పాఠం కావాల్సిందే.

ఇలా దిద్దితే దాదాపు ప్రతి పిల్లాడి దగ్గరా ఒకే బొమ్మ కనిపిస్తుంది. లీనియర్ ఈక్వేషన్లు, ఇనీక్వాలిటీలు, ఫ్యాక్టరింగ్ ముందే వచ్చేసి ఉంటాయి. వాటికి ఒక్క పూట చాలు. క్వాడ్రాటిక్స్ సగం వచ్చి ఉంటాయి, కంప్లీటింగ్ ద స్క్వేర్ మాత్రం ఎగ్గొడతారు, ఫార్ములా ఉంది కదా అని. దాన్ని వదలనివ్వకండి, పారబోలా శీర్షం దగ్గర అదే కావాలి, తర్వాత సర్కిల్స్ దగ్గరా అదే కావాలి. కాంప్లెక్స్ నంబర్స్ అంటే మన తల్లిదండ్రులకి టెన్షన్, ఇంటర్ 2ఏ గుర్తొస్తుంది కాబట్టి. ఇక్కడ అడిగేది అంత లోతుగా ఉండదు, పిల్లలు రెండు రోజుల్లో దాటేస్తారు. అసలు సమయం తినేవి రేషనల్ ఫంక్షన్లు, లాగరిథమ్స్, రూట్స్ ఉన్న ఈక్వేషన్లు. సగం వేసవి వాటికే కేటాయించండి.

రూట్స్ దగ్గర ఏం జరుగుతుందో ఒక లెక్కలో చూపిస్తాను. ఒక సంఖ్యకి 7 కలిపి వర్గమూలం తీశాం. అదే సంఖ్యలోంచి 5 తీసేశాం. రెండూ సమానమయ్యాయి, సంఖ్య ఎంత? చురుకైన పిల్లాడు రెండువైపులా నోటితోనే వర్గం చేసి, క్వాడ్రాటిక్ తెచ్చి, 2, 9 అని టక్కున రాసేస్తాడు. "సరి చూశావా?" అంటే మొహం చిట్లిస్తాడు. 9 వేయమనండి: 16కి వర్గమూలం 4, 9లోంచి 5 తీస్తే 4, సరిపోయింది. 2 వేయమనండి: ఎడమవైపు 3, కుడివైపు మైనస్ 3. వర్గం చేస్తే 3కీ మైనస్ 3కీ తేడా చెరిగిపోతుంది, ఆ సందులోంచి దొంగ జవాబు లోపలికి వచ్చింది. ఇది తనంతట తను చెప్పగలిగేదాకా తర్వాతి లెక్క ఇవ్వను. లాగరిథమ్స్‌లో కూడా ఇలాంటి దొంగలుంటారు. వేగం ఉన్న పిల్లలకే ఈ తప్పు ఎక్కువ, ఎందుకంటే వాళ్ళని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తిరిగి చూడమనలేదు.

వేగం పిల్లాడి ఇష్టం, గేటు మాత్రం మన చేతిలో ఉండాలి. ఒక రోజు మూడు టాపిక్‌లు లాగేస్తాడు, ఇంకో వారం లాగరిథమ్స్ దగ్గరే కూలబడతాడు, ఏమీ అనకండి. కానీ టాపిక్ దాటాలంటే ముందు చూడని పది లెక్కల్లో తొమ్మిది రావాలి. తప్పిన లెక్క మర్నాడు పుస్తకం చూడకుండా మళ్ళీ చేయాలి. పెన్నుతో రాయించండి, పెన్సిల్ అయితే తప్పు ఎక్కడ జరిగిందో రబ్బరు తినేస్తుంది. ఖాన్ అకాడమీలో ఆల్జీబ్రా 2 ఉచితంగా దొరుకుతుంది, పాఠాలకి అది చాలు. కఠినమైన లెక్కలకి ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ళ ఆల్కుమస్, అదీ ఉచితమే. గ్రాఫులకి డెస్మోస్ వాడనివ్వండి, కాకపోతే ముందు చేత్తో గీశాక. ఫోటో తీస్తే స్టెప్పులతో సహా చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి కాబట్టి ఆ గంటన్నర ఫోన్ వేరే గదిలో ఉండాలి. మీ ఫోన్ కూడా. రోజుకి గంటన్నర మించొద్దు.

తల్లిదండ్రులు పక్కన కూర్చోకండి. మీరు ఎంసెట్‌లో ర్యాంకు కొట్టి ఉండచ్చు, అది ఇక్కడ అడ్డమే. వాడు ఆలోచించేలోపు మీ నోరు ఆగదు. రాత్రి భోజనాల దగ్గర "ఈ స్టెప్పు ఎందుకు వచ్చింది?" అని ఒక్కటి అడగండి, చాలు. అర్థం కాకపోయినా తలూపే అమ్మమ్మలు ఈ పనికి మనకంటే బాగా పనికొస్తారు. పిల్లలు వాళ్ళకి ఓపిగ్గా చెబుతారు.

ఇండియా ప్రయాణం ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. అమ్మమ్మ ఇంట్లో, మామిడిపళ్ళ మధ్య, పెళ్ళిళ్ళ మధ్య పుస్తకం తెరుస్తాడనుకోవడం భ్రమ. జూన్ అంతా ఊళ్ళో గడిపేవాళ్ళు ఆ వేసవి మొదటి సెమిస్టర్ (ఏ) ఒక్కటే పెట్టుకోవడం మేలు. తిరిగి వచ్చాక జెట్ లాగ్‌తో తెల్లారగట్ల నాలుగింటికి లేచి కూర్చుంటారు చూడండి, ఆ వారం మాత్రం భలే చదువుతారు.

పరీక్షకి పది రోజుల ముందు మొదటి వారం రాసిన పేపర్ లాంటిదే ఇంకోటి, టైమ్ పెట్టి, క్యాలిక్యులేటర్ నిబంధన ఏదైతే అదే పాటిస్తూ రాయించండి. 88 దాటితే పంపండి. 80 దగ్గర ఊగిసలాడుతుంటే ఆ విడతకి ఆపండి, ఉన్న రెండు ఛాన్సుల్లో ఒకటి ఎందుకు పోగొట్టుకోవడం? క్రెడిట్ రాకపోయినా ఆగస్టులో ఆల్జీబ్రా 2 క్లాసులో కూర్చుంటే వాడికి హోంవర్క్ భారం ఉండదు. మిగిలే ఆ సమయాన్ని నవంబర్‌లో వచ్చే ఏఎంసీ 10 అనే లెక్కల పోటీ పరీక్షకి పెట్టుకోవచ్చు. 75 నిమిషాల్లో 25 ప్రశ్నలు, పదో తరగతి వరకు ఉన్న పిల్లలకి. మీ స్కూల్లో పెట్టకపోతే బయటి పిల్లల్ని రాయనిచ్చే సెంటర్ ఎక్కడుందో సెప్టెంబర్‌లోనే వాకబు చేయండి, సీట్లు త్వరగా నిండిపోతాయి.