సింగిల్ షాట్ రైఫిల్‌కు బ్యారెల్ మార్చడం ఎలా?

థామ్సన్/సెంటర్ కంపెనీ తన ఎన్‌కోర్, కంటెండర్ సింగిల్ షాట్ రైఫిళ్లను, అంటే కీలు మీద వంచి తెరిచి ఒక్కో తూటా పెట్టి కాల్చే వాటిని, తయారు చేసిందే బ్యారెల్ (గొట్టం) మార్చుకోవడానికి. ట్రిగ్గర్, హ్యామర్ ఉండే ఎన్‌కోర్ ఫ్రేమ్ ఒక్కటి ఉంటే చాలు, పొద్దున .223 రెమింగ్టన్, సాయంత్రం .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాల బ్యారెల్ పెట్టుకోవచ్చు. పని అయిదు నిమిషాలది. చాలామంది ఆ అయిదు నిమిషాలతో పని అయిపోయిందనుకుని నేరుగా కాల్చేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ముందు ఏది దేనికి పడుతుందో తెలుసుకోండి. ఎన్‌కోర్ బ్యారెల్ కంటెండర్‌కు పట్టదు, బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు కలిపే కీలు పిన్ను మందమే వేరు. .308, .30-06 వంటి అధిక పీడనం గల తూటాలకు ఎన్‌కోర్ ఫ్రేమే కావాలి. ఇక హెచ్‌అండ్‌ఆర్ కంపెనీ హ్యాండీ రైఫిళ్లు రెండున్నాయని ఒకదాని బ్యారెల్ తీసి రెండోదానికి తగిలించేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: ఆ పని చేయకండి. కొత్త బ్యారెల్ కావాలంటే ఆ కంపెనీ మీ ఫ్రేమ్‌ను ఫ్యాక్టరీకి తెప్పించుకుని, దానికి సరిపెట్టి పంపేది. పైకి ఒకేలా కనిపించినా షాట్‌గన్ ఫ్రేమ్, రైఫిల్ ఫ్రేమ్ బలంలో ఒకటి కావు.

చట్టం సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో సీరియల్ నంబరున్న ఫ్రేమే తుపాకీ, విడి బ్యారెల్ కాదు. మీ రాష్ట్రం నియమాలు వేరుగా ఉండవచ్చు, చూసుకోండి. భుజానికి ఆనించే స్టాక్ ఉన్న ఫ్రేమ్‌కు 16 అంగుళాల కంటే పొట్టి రైఫిల్ బ్యారెల్, 18 అంగుళాల కంటే పొట్టి షాట్‌గన్ బ్యారెల్ ముందస్తు ఫెడరల్ అనుమతి లేకుండా ఒక్క నిమిషం కూడా పెట్టకూడదు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం నేరం. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగం కూడా ఆయుధమే, కాబట్టి బ్యారెల్‌ను పెట్టెలో వేసుకుని ఊరికి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

సామాను పెద్దగా అక్కర్లేదు. స్క్రూలకు సరిగ్గా సరిపోయే బిట్, నైలాన్ లేదా ఇత్తడి పంచ్, పొడి గుడ్డ, కొంచెం గ్రీజు. ఉక్కు సుత్తి గదిలోనే ఉండకూడదు.

విప్పడం, బిగించడం

ట్రిగ్గర్ గార్డు తోకను వెనక్కి లాగి రైఫిల్ తెరవండి. ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. ముందుపిడి స్క్రూలు తీసి దాన్ని పక్కన పెట్టండి. బరువంతా పిన్ను మీద పడకుండా బ్యారెల్‌ను ఎడమ చేత్తో పట్టుకుని, కీలు పిన్నును పంచ్‌తో నెట్టండి. పిన్ను వచ్చేస్తే బ్యారెల్ పైకి లేస్తుంది.

కొత్త బ్యారెల్ కింది కొక్కేన్ని ఫ్రేమ్‌లో కూర్చోబెట్టి, రంధ్రాలు కలిపి, పలుచగా గ్రీజు రాసిన పిన్నును బొటనవేలితో దూర్చండి. సుత్తి కావాలనిపిస్తే రంధ్రాలు కలవలేదని అర్థం. ముందుపిడి స్క్రూలను మూడు వేళ్ల బలంతోనే బిగించాలి. అంతకు మించితే గుండు పడే చోటు మారుతుంది. కంటెండర్‌కు .22 బ్యారెల్ పెడితే హ్యామర్ మీది మీటను రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచున కొట్టే) వైపు తిప్పడం మరిచిపోవద్దు.

బోల్ట్‌ను వెనక్కి లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలోనూ బ్యారెల్ మార్చేవి ఉన్నాయి, వాటి అభిమానులూ ఉన్నారు. తూటా అడుగు కొలత మారితే వాటిలో బోల్ట్ తల మార్చాలి, మ్యాగజైన్ మార్చాలి. మన సింగిల్ షాట్‌లో అయితే, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగును బయటికి లాగే భాగం బ్యారెల్‌లోనే ఉంటుంది, ఫ్రేమ్ ముఖం చదును. టెలిస్కోప్ కూడా బ్యారెల్ మీదే ఉంటుంది కాబట్టి దానితోపాటే వచ్చి దానితోపాటే పోతుంది. ఒక్కో బ్యారెల్‌కు ఒక టెలిస్కోప్ ఉండాలి. దాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తూ డబ్బు మిగుల్చుకోవడం అసలు సుఖాన్ని వదులుకోవడమే.

తాళం పడిందా లేదా

ఇక్కడ తొందరపడకండి. కాల్చినప్పుడు పీడనాన్ని ఆపేది పూర్తిగా మూసుకుని ఫ్రేమ్‌కు తాళం పడిన బ్యారెల్ ఒక్కటే. ఒక ఫ్రేమ్‌తో చక్కగా పనిచేసిన బ్యారెల్ ఇంకో ఫ్రేమ్‌తో కూడా అలాగే కుదురుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత ఫ్రేమ్‌ల కీలు అరిగి ఉంటుంది. వేరే తయారీదారు చేసిన బ్యారెల్ ఛాంబర్ వెంట్రుకవాసి లోతుగా ఉండవచ్చు.

ఖాళీ రైఫిల్‌ను గట్టిగా, కానీ విసురుగా కాకుండా మూయండి. ట్రిగ్గర్ గార్డు తనంతట తానే పూర్తిగా తన స్థానానికి రావాలి. మీరు వేలితో నెట్టాల్సి వచ్చిందంటే తాళం సగమే పడింది. ఇప్పుడు ఒక చేత్తో ఫ్రేమ్, ఇంకో చేత్తో బ్యారెల్ మొన పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఊపి చూడండి. కదలిక ఏ మాత్రం తెలిసినా ఆపేయండి. బ్యారెల్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య సందును పలుచని కొలత రేకులైన ఫీలర్ గేజ్‌తో రెండు పక్కలా చూడండి, రెండూ ఒకేలా ఉండాలి.

తర్వాత ఆ క్యాలిబర్‌కు (తూటా కొలతకు) సంబంధించిన హెడ్‌స్పేస్ గేజ్‌లు, అంటే మూసిన ఛాంబర్‌లో తూటా అడుగుకూ ఫ్రేమ్‌కూ మధ్య ఖాళీ సరిగ్గా ఉందో లేదో చూసే కొలత దిమ్మెలు. 'గో' గేజ్ పెడితే రైఫిల్ మూసుకుని తాళం పడాలి. 'నో గో' గేజ్ పెడితే తాళం పడకూడదు. గేజ్‌ల ఖర్చు ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: అది మీ చెంపకు అంగుళాల దూరంలో పేలే వస్తువు. తేడా కనిపిస్తే బ్యారెల్‌ను మూసి పట్టి ఉంచే తాళం బోల్టులను ఆకురాయితో మీరే రుద్దకండి. పోయిన లోహం తిరిగి రాదు. గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఛాంబర్‌లో నూనె మిగలకూడదు, పొడి గుడ్డతో తుడవండి. నూనె ఉంటే ఇత్తడి తొడుగు గోడను పట్టుకోదు, బలమంతా వెనక్కి ఫ్రేమ్ మీద పడుతుంది.

తూటాలు

బల్ల మీద ఒకే క్యాలిబర్ పెట్టె ఉండాలి, మిగతావి కారులో. .300 బ్లాకౌట్ తూటా .223 ఛాంబర్‌లో దూరగలదు, కాల్చితే లావు గుండు సన్నని గొట్టంలో ఇరుక్కుని రైఫిల్ పగిలిపోతుంది. షాట్‌గన్‌లలో సన్నని 20 గేజ్ తూటా లావుపాటి 12 గేజ్ బ్యారెల్‌లో జారి ముందుకు వెళ్లి ఆగుతుంది, ఆ వెనక ఇంకొకటి పెడితే ఇక చెప్పనక్కర్లేదు. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం వల్లే. ప్రతి బ్యారెల్‌కూ రంగు టేపు చుట్టి, అదే రంగు టేపు దాని తూటాల పెట్టెకూ అంటించండి. బ్యారెల్ మీద చెక్కిన క్యాలిబర్‌ను, తూటా అడుగున ముద్రించిన దాన్ని పైకి చదివి పోల్చుకున్నాకే లోపల పెట్టండి.

మొదట మూడే కాల్చండి. ప్రతి ఖాళీ తొడుగునూ చేతిలోకి తీసుకుని చూడండి. ప్రైమర్ (అడుగున మధ్యలో ఉండే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) అడుగుమట్టం కంటే పైకి పొడుచుకు వచ్చినా, అడుగుకు కొంచెం పైన మెరిసే గీత చుట్టూరా కనిపించినా ఆ రోజుకు కాల్చడం ఆపండి, హెడ్‌స్పేస్ ఎక్కువైందని అది చెబుతోంది. అన్నీ బాగుంటే అప్పుడు కాగితం మీద గురి చూసుకోండి. టెలిస్కోప్ బ్యారెల్ మీదే ఉన్నా, విప్పి బిగించిన ప్రతిసారీ ఈ మూడు గుండ్లు కాల్చనిదే వేటకు బయల్దేరకూడదు.