నీలి ముడిరాయిని పరీక్షించే ముందు జాగ్రత్తలు

రాయి చేతికి రాగానే కడిగేయాలనిపిస్తుంది. ఆగండి. అది మైలుతుత్తం స్ఫటికమైతే నీళ్లలో కరిగిపోతుంది, పైగా విషం. నాలుకకు తాకించడం అసలే వద్దు.

ముందు లెన్సుతో చూడండి. నార నారగా విడిపోతుంటే అది నీలి ఆస్బెస్టాస్ కావచ్చు. అన్నిటికంటే ప్రమాదం ఇదే. గీకొద్దు, ఊదొద్దు, సంచిలో మూసేసి, తెలిసినవాళ్ల సలహా తీసుకోండి.

- గీత పరీక్ష, అంటే రాయిని పలకకు రుద్ది పడే గీత రంగు చూడటం, ఎప్పుడూ రాయి కనపడని మూలన చేయాలి. మెరుగులేని పింగాణీ పలక మీద అజురైట్ అనే నీలి ఖనిజం లేత నీలం గీత వదులుతుంది, సోడలైట్ అనే మరో నీలి ఖనిజం గీత తెల్లగా ఉంటుంది. ఇంద్రనీలం కాఠిన్యం పదికి 9 (మోస్ కొలమానంలో), కాబట్టి అది పలకనే గీస్తుంది.
- కయనైట్ అనే నీలి ఖనిజమని అనుమానం ఉంటే ఒక్కవైపే గీకి తేల్చేయకండి. పొడవునా కాఠిన్యం 5 లోపే, అడ్డంగా 7 దాకా ఉంటుంది. ఈ తేడాయే దాని ఆనవాలు, నాకు చాలా ఇష్టమైన పరీక్ష కూడా.
- రంగు మీద నమ్మకం వద్దు. అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిచి చూడండి; నీలం అంటితే అద్దకమే.
- ఆమ్లం జోలికి ఆఖరున, అదీ రాలిన ముక్క మీదే. లాపిస్ లాజులి అనే నీలి రాయి అయితే ఆమ్లానికి పాడైపోతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది.
- దొరికిన చోటు రాసిన పాత చీటీ ఉంటే పారేయకండి. నమూనా విలువలో దానికీ వాటా ఉంది.