పిల్లలకు ఎంత తీపి ఇష్టమో కొలవడం ఎలా?

ఐదేళ్లు దాటిన పిల్లలతోనే చేయండి. డాక్టరు పంచదార మానమన్న పిల్లలతో అసలు వద్దు. గ్రాములు చూపే తూకం, కొలపాత్ర, తెల్ల కప్పులు చాలు. రంగు కప్పులు పెడితే పిల్లలు రుచి వదిలేసి రంగును ఎంచుకుంటారు.

3, 6, 12, 24, 36 గ్రాముల పంచదారను విడివిడిగా కొలిచి, ఒక్కోదాంట్లో నీళ్లు పోసి కరిగించి, 100 మి.లీ. గీత దాకా నింపండి. ముందే 100 మి.లీ. నీళ్లు కొలిచి అందులో పంచదార వేస్తే లెక్క చెడుతుంది. 36 శాతం అనుకున్నది 30 దగ్గరే ఆగిపోతుంది. చల్లటి నీటిలో తీపి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. తిన్న గంటకు మొదలుపెట్టండి.

ముందు 6, 24 ఇవ్వండి. ఒక చెంచాడు నోట్లో ఐదు సెకన్లు ఉంచుకుని ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించాలి, తర్వాత రెండోది. ఎంచుకున్నదాన్ని దాని పక్క మోతాదుతో జత చేస్తూ పోండి. తనకంటే ఎక్కువదాని మీదా, తక్కువదాని మీదా వరుసగా గెలిచిందే జవాబు. చివరి మోతాదైన 3 గానీ 36 గానీ వరుసగా రెండుసార్లు వస్తే అక్కడ ఆపేయండి.

ఎక్కువమంది పాడుచేసేది ఎంపిక దగ్గరే. "బాగుందా?" అని అడగొద్దు. అన్నీ బాగున్నాయనే అంటారు. "ఏది ఎక్కువ నచ్చిందో వేలితో చూపించు" అనండి, అంతే. ఒక్కో కప్పుకు ఐదింటికి ఎన్ని మార్కులో వేయమనే పద్ధతి కంటే ఇదే నమ్మదగినది, ఎందుకంటే చిన్నపిల్లలకు అంకెల కంటే రెండింట్లో ఒకటి తేల్చుకోవడం తేలిక.

పిల్లలు కప్పు కంటే ముందు మీ ముఖం చూస్తారు. మీ కనుబొమ్మ కాస్త కదిలినా చాలు, వేలు అటే పోతుంది. అందుకే పోసేవారు ఒకరు, అడిగేవారు ఇంకొకరు ఉండాలి. ఏ కప్పులో ఏముందో అడిగేవారికి తెలియకూడదు. ఎప్పుడూ రెండో కప్పునే చూపించే పిల్లలూ ఉంటారు. మొదటి విడతలో ప్రతి జతలోనూ తక్కువ తీపిది ముందు ఇచ్చి, కాసేపాగి రెండో విడతలో ఎక్కువ తీపిది ముందు ఇవ్వండి. రెండు జవాబులనూ గుణించి వర్గమూలం తీయండి: 24, 12 వస్తే సుమారు 17 శాతం.

ఉప్పు ఎంత ఇష్టమో కూడా ఇలాగే కొలవొచ్చు, దానికి మరో రోజు కేటాయించండి. ఉప్పు వేయకుండా కూరగాయలు ఉడికించి వడకట్టిన నీటిని 2 గ్రాముల ఉప్పుతో 100 మి.లీ. చేయండి. అందులో సగం తీసి ఉప్పులేని అదే నీటితో మళ్లీ 100 చేస్తే 1 శాతం. అలాగే అర, పావు శాతం.

పిల్లలు పెరిగేకొద్దీ ఈ ఇష్టం ఎలా మారుతుందో చూడాలంటే ఎత్తు కూడా కొలవండి. చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, ఎప్పుడూ ఉదయమే మిల్లీమీటర్ల దాకా రాయండి. సాయంత్రానికి ఎత్తు కాస్త తగ్గుతుంది. పిల్లలు పెద్దల కంటే ఎక్కువ తీపి ఎంచుకోవడం మామూలే. పెరుగుదల ఆగే వయసుకు ఆ ఇష్టం తగ్గుతుంది. ఒక్కసారి వచ్చిన అంకెను ఎత్తుతో ముడిపెట్టొద్దు. అవే కప్పులతో, అదే మనిషి అడుగుతుండగా ఆరు నెలలకోసారి కొలిచి, రెండింటినీ పక్కపక్కన రాసుకోండి.