వీడియో కాల్ మీదుగా పోర్ట్రెయిట్ తీయాలంటే

ముందు ఒక లెక్క చూసుకోండి. 720పి వీడియో కాల్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌లో అసలు చిత్రం 1280 × 720 పిక్సెళ్లే. అంటే ఒక మెగాపిక్సెల్ (పది లక్షల పిక్సెళ్లు) కూడా నిండదు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ప్రింట్ వేస్తే పొడవు నాలుగంగుళాలు దాటి కాస్త వస్తుంది, అంతే. 1080పి కాల్ దొరికినా రెండు మెగాపిక్సెళ్లే. అవతలి మనిషి దగ్గరున్న ఫోన్ వెనక కెమెరా మాత్రం 12 మెగాపిక్సెళ్లు తేలిగ్గా తీస్తుంది. అందుకే ఫొటో మీ స్క్రీన్ మీద పుట్టాలా, వాళ్ల ఫోన్‌లో పుట్టాలా అన్నది కాల్ కలపకముందే తేల్చుకోవాలి.

ఫోన్‌లో చూసుకోవడానికీ, సోషల్ మీడియాలో పెట్టడానికీ స్క్రీన్‌షాట్ సరిపోతుంది. ఇద్దరి దగ్గరా ఆపిల్ పరికరాలుంటే ఫేస్‌టైమ్ ఇంకా మేలు. ఇద్దరూ సెట్టింగుల్లో ఫేస్‌టైమ్ లైవ్ ఫొటోస్ ఆన్ చేసుకుంటే కాల్ మధ్యలో తెల్లటి గుండ్రటి బటన్ నొక్కి ఫొటో తీయొచ్చు. ఫొటో తీసినట్టు ఇద్దరికీ కబురు కూడా వస్తుంది. మామూలు స్క్రీన్‌షాట్‌కి అలాంటి కబురు వస్తుందన్న భరోసా లేదు కాబట్టి, ఎప్పుడు తీస్తున్నారో మీరే చెప్పి తీయండి.

ప్రింట్ వేయాలంటే మాత్రం వాళ్ల ఫోన్ వెనక కెమెరాతోనే తీయించాలి. ల్యాప్‌టాప్‌లోనో రెండో ఫోన్‌లోనో కాల్ నడుస్తుంటే, మొదటి ఫోన్‌ని స్టాండు మీద పెట్టించండి. ఒకటే ఫోన్ ఉంటే జూమ్ లాంటి యాప్‌లో కాల్ కలిపి, వీడియో ఆపేసి, స్క్రీన్ షేర్ చేసి, ఆ తర్వాత కెమెరా యాప్ తెరవమనండి. వీడియో ఆపకపోతే కాల్, కెమెరా యాప్ రెండూ ఒకే కెమెరా కోసం పెనుగులాడతాయి. ఇలా చేస్తే వాళ్ల కెమెరా చూసేదే మీకూ కనబడుతుంది, ఫొటో మాత్రం పూర్తి సైజులో వాళ్ల గ్యాలరీలో చేరుతుంది. క్లిక్‌కి 10 సెకన్ల టైమర్ చాలు. బ్లూటూత్ రిమోట్ ఉంటే లేచి నడిచే పనే ఉండదు.

ఇక్కడే చాలామంది చిక్కుకునే చోటొకటి ఉంది. ఫోకస్ పెట్టడానికి మనిషి ఫోన్ దగ్గరికి రావాలి, అప్పుడు కుర్చీ ఖాళీ. ఏం తాకాలి? కుర్చీలో ముఖం వచ్చే ఎత్తున ఒక దిండు నిలబెట్టించి, స్క్రీన్ మీద దిండును వేలితో నొక్కి పట్టుకోమనండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోకి కెమెరా తీసుకునే వెలుగు పాళ్లు) రెండూ లాక్ అవుతాయి. దిండు తెల్లగా ఉంటే కెమెరా మోసపోయి ఫొటోని చీకటి చేస్తుంది, నల్లగా ఉంటే ముఖం పాలిపోతుంది. ముఖం రంగుకు దగ్గరగా ఉండే గుడ్డ కప్పితే సరి.

ఫోన్ కళ్ల ఎత్తులో ఉండాలి, పుస్తకాల దొంతర చాలు. దూరం 5 అడుగులకు తగ్గనివ్వకండి. రెండడుగుల నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ముఖం చిన్నదైతే కెమెరా యాప్‌లో 2ఎక్స్ జూమ్ నొక్కించండి, ఫోన్‌ని దగ్గరికి జరిపించొద్దు. లెన్స్‌ని మెత్తటి నూలుగుడ్డతో తుడవమని ప్రతిసారీ చెప్పండి. వేలిముద్ర జిడ్డు ఉంటే వెలుగు చుట్టూ పొగలా పరుచుకుంటుంది, అది తర్వాత ఎడిటింగ్‌లో పోదు.

ఇక వెలుగు. ఎండ నేరుగా పడని కిటికీ వెతికించి, దానికి మూడు నాలుగు అడుగుల్లో కూర్చోబెట్టండి. గదిలో బల్బులన్నీ ఆర్పించండి. పగటి వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా పడి రెండు చెంపలు రెండు రంగుల్లో వస్తే కెమెరా రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. తర్వాత ముఖాన్ని మెల్లగా కిటికీ వైపు తిప్పిస్తూ కళ్లలోకి చూడండి. కనుపాప పైభాగంలో ఒక పక్కగా కిటికీ చిన్న తెల్లటి గడిలా మెరిసిన క్షణమే ఆగమనండి. ఆ మెరుపు లేకపోతే కళ్లు గుంటల్లా ఉంటాయి. కిటికీకి దూరంగా ఉన్న చెంప మరీ నల్లబడితే, ఫ్రేమ్‌లోకి రాకుండా ఆ పక్కన తెల్లటి దుప్పటి కుర్చీ మీద ఆరేయించండి.

స్క్రీన్‌షాట్ పద్ధతిలో అయితే వెలుగు ఇంకో మేలూ చేస్తుంది. వీడియో కాల్ సెకనుకు పంపగలిగే సమాచారం పరిమితం. కదిలే ప్రతిదీ దాన్ని తినేస్తుంది: ఊగే కర్టెన్, తిరిగే ఫ్యాను, చీకట్లో కెమెరా పుట్టించే గరుకు చుక్కలు. వెనక సాదా గోడ ఉండి, ముఖం మీద మంచి వెలుగు పడి, మనిషి రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంటే చర్మం, కనురెప్పల వెంట్రుకలు తేటపడటం మీ కళ్ల ముందే కనబడుతుంది. అప్పుడు నొక్కండి. హెచ్‌డీ ఆన్ చేయించి, చర్మం నునుపుచేసే ఫిల్టర్, నకిలీ బ్యాక్‌గ్రౌండ్ తీయించండి. వాళ్ల వీడియోని మీ వైపు పిన్ చేసి స్క్రీన్ నిండా పరుచుకోండి. ముఖం చతురస్రపు ముక్కలుగా విరుగుతుంటే ముందు వాళ్ల అప్‌లోడ్ వేగం చూడాలి, వాళ్ల డౌన్‌లోడ్ ఎంతున్నా దీనికి పనికిరాదు. రౌటర్ ఉన్న గదికి మారడమే తేలికైన మందు.

చేత్తో సర్దలేరు కాబట్టి మీ మాటే మీ చెయ్యి. "ఎడమకి తిరగండి" అంటే గందరగోళమే, ఎందుకంటే చాలా యాప్‌లు ఎవరి బొమ్మ వాళ్లకి అద్దంలోలా తిప్పి చూపిస్తాయి. "గడ్డం కిటికీ వైపు ఒక అంగుళం", "తలుపు వైపు భుజం కాస్త దించండి" అనండి. వాళ్లు తమ బొమ్మ చూసుకుంటుంటే చూపు లెన్స్ మీద నిలవదు. సెల్ఫ్ వ్యూ దాయించి, లెన్స్ పక్కన చిన్న రంగు స్టిక్కర్ అంటించమనండి.

కాల్‌లో కొంత ఆలస్యం తప్పదు. మీకు కనబడిన నవ్వు అక్కడ అప్పటికే అయిపోయి ఉంటుంది. టైమర్‌తో తీసేటప్పుడు మీ లెక్కకి బదులు వాళ్ల ఫోన్ లెక్కనే నమ్మండి. ఒక్కో భంగిమకు నాలుగైదు తీయించండి, రెప్ప పడినవి ఎలాగూ పోతాయి.

ఎక్కువసేపు నడిస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, కొన్నిసార్లు కెమెరా యాప్ మూసుకుపోతుంది. అరగంటకోసారి విరామం ఇవ్వండి.

కాల్ పెట్టేసే ముందు ఒక ఫొటో తెరిపించి, కంటి దగ్గర జూమ్ చేయించి చూడండి. రెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడకపోతే వెలుగు పోకముందే మళ్లీ తీయించొచ్చు. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి, లేదా డ్రైవ్‌లో పెట్టించుకోండి. అసలు ఫైళ్లు మీ దగ్గర పూర్తి సైజులో తెరుచుకునేదాకా వాళ్ల ఫోన్‌లోంచి తీసేయొద్దని చెప్పండి.