గుడారం ఎలా ఎంచుకోవాలి? కొండకు ఒకటి, కడలి ఒడ్డుకు ఒకటి

టెంట్ కొనడానికి వెళ్లినవారు దుకాణంలో మొట్టమొదట అడిగే ప్రశ్న ‘ఇందులో ఎంతమంది పడతారు?’ అన్నది. దానికి జవాబు సంచి మీదే అచ్చు వేసి ఉంటుంది. ఎక్కడా రాసి ఉండని సంగతి వేరు: ఈ గుడారాన్ని ఏ నేల మీద నిలబెట్టబోతున్నామో, ఆ నేల దీని తాళ్లను గాలిలో పట్టి ఉంచగలదో లేదో కొనేవారే ఆలోచించుకోవాలి. సూర్యలంకలోనో భీమిలిలోనో మధ్యాహ్నం రెండు గంటలకు ఇసుక మీద దొర్లుకుంటూ పోయే టెంట్లలో ఎక్కువ భాగం మంచి సరుకే. వాటిని ఎంచుకున్న పద్ధతిలోనే తప్పు ఉంది.

మొదట చోటు తేల్చుకోండి

లంబసింగిలోనో వంజంగిలోనో డిసెంబరు రాత్రి గడపడానికి కావలసిన గుడారం వేరు, వాడరేవు ఇసుకలో పగటిపూట నీడ కోసం వేసుకునేది వేరు. మొదటిదానికి చలినీ మంచునూ ఆపే గోడలు కావాలి. రెండోదానికి గోడలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఎందుకంటే నాలుగు వైపులా మూసిన టెంట్ ఎర్రటి ఎండలో అరగంటకే కుంపటిలా కాగిపోతుంది. అదేవిధంగా ఒకవైపు పూర్తిగా తెరిచి ఉండే బీచ్ షెల్టర్‌ను అడవిలో రాత్రికి వాడితే దోమలకూ వానకూ దారి ఇచ్చినట్టే. రెండింటికీ పనికొస్తుందని చెప్పి అమ్మేది రెండుచోట్లా సగమే పనికొస్తుంది, కాబట్టి ఒకే ఒక్కటి కొనగలిగినవారు తాము ఎక్కువగా ఎక్కడికి వెళ్తారో చూసుకుని దాన్నే కొనుక్కోవాలి.

పరిమాణం, పోల్స్

వీటికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ‘ఇద్దరికి’ అని రాసి ఉంటే ఇద్దరు భుజాలు రాసుకుంటూ పడుకోవచ్చని మాత్రమే అర్థం. సంచులు పెట్టుకోవడానికి చోటు ఉండదు. పడుకునేవారి సంఖ్యకు ఒకటి కలిపి కొనండి. ఆరడుగుల మనిషి ఉంటే లోపలి పొడవు 215 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఎందుకంటే ఏటవాలు గోడకు తలో పాదాలో తగిలితే తెల్లవారేసరికి పక్క తడిసిపోతుంది.

గుడ్డను నిలబెట్టే కర్రలు, అంటే పోల్స్, అల్యూమినియంవే తీసుకోండి. ఫైబర్‌గ్లాస్ పోల్స్ చవక, కానీ అవి విరిగేటప్పుడు నిలువునా చీలి, సన్నని ముళ్లు లేచి చేతుల్లో దిగుతాయి. అల్యూమినియం పోల్ వంగుతుంది. దాని మీద ఒక చిన్న గొట్టం తొడిగి ఆ రాత్రికి గడుపుకోవచ్చు. విసిరితే విచ్చుకునే పాప్-అప్ టెంట్ల సంగతి చెప్పాలంటే, అవి విచ్చుకోవడానికి రెండు క్షణాలు చాలు, తిరిగి గుండ్రంగా మడవడానికి మాత్రం ఇంటిల్లిపాదీ కావాలి. మడిచాక కూడా ఆ పళ్లెం స్కూటర్ మీద ఇమడదు.

గుడ్డ, రెండు పొరలు

గుడ్డ ఎంత వానకు తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. 2000 అని ఉంటే, ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తున నీటిని నిలబెట్టినా కారదని అర్థం. పై గుడ్డకు 2000, అడుగు గుడ్డకు 3000 ఉంటే మన ప్రాంతపు వానలకు చాలు. మోకాళ్లూ మోచేతులూ ఆనినప్పుడు అడుగున ఒత్తిడి ఎక్కువ పడుతుంది కాబట్టి అడుగుకు పెద్ద అంకె కావాలి. అంకె కన్నా ముందు చూడవలసినవి కుట్లు. పై గుడ్డను తిరగేసి, ప్రతి కుట్టు మీదా పారదర్శకమైన టేపు అతికించి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. టేపు లేని కుట్టు దగ్గర 5000 మిల్లీమీటర్ల గుడ్డ కూడా కారుతుంది.

లోపల వలగుడ్డతో ఒక గది, దాని మీద ఎడంగా వానను ఆపే పై గుడ్డ, ఇలా రెండు పొరలు ఉన్నదే కొనాలి. ఒకే పొర ఉన్న చవక టెంట్‌లో పడుకుని, ఉదయాన్నే గోడలు తడిగా ఉండటం చూసి, ‘టెంట్ కారింది’ అని దుకాణదారుతో తగవు పెట్టుకునేవారు చాలామంది. అక్కడ కారింది ఏమీ ఉండదు; లోపల పడుకున్నవారి ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకు తగిలి నీరైంది. రెండు పొరలు ఉంటే ఆ నీరు పై గుడ్డ లోపలి వైపున జారి నేలకు చేరుతుంది, పడుకున్నవారి మీద పడదు. చలిగా ఉందని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఈ తేమ మరింత పెరుగుతుంది, కాబట్టి పైభాగంలో ఉండే కిటికీని లంబసింగి చలిలో కూడా తెరిచే ఉంచాలి. వెచ్చదనం కోసం లోపల బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ పొయ్యి గానీ వెలిగించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి అది తెలియదు.

గుడ్డ నైలానా పాలిస్టరా అంటే, పాలిస్టర్. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది, ఎండకు త్వరగా బలహీనపడుతుంది. బరువు తగ్గించుకుని రోజుల తరబడి నడిచేవారు నైలాన్ ఎంచుకుంటారు. కారులో వెళ్లేవారికి ఆ అవసరం లేదు.

బీచ్‌లో నీడకు ఏది?

నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడే పదడుగుల కనోపీ, సగం గుమ్మటంలాంటి షెల్టర్, పెద్ద గొడుగు, రెండు కర్రల మీద కట్టుకునే గుడ్డ, ఈ నాలుగూ సాధారణంగా దొరుకుతాయి. కనోపీ కింద పదిమంది కూర్చోవచ్చు గానీ గాలికి ముందుగా పైకి లేచేది అదే. గొడుగు ఇద్దరికి మించి నీడ ఇవ్వదు. ఎత్తు తక్కువగా, నాలుగు మూలలా ఇసుక సంచులతో, మధ్యలో రెండు కర్రలతో నిలబెట్టే గుడ్డే సరైన ఎంపిక. గాలి దాని కిందనుంచీ పైనుంచీ పోతుంది తప్ప దాన్ని పట్టుకుని లాగదు. దీన్ని బయట కొనకుండా మంచి కాన్వాస్ గుడ్డకు మూలల్లో తాడు దూరే కళ్లు వేయించి ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. నీలం టార్పాలిన్ మాత్రం వాడకండి. దాని కింద కూర్చున్నవారందరూ నీలంగా కనిపిస్తారు, ఆ రోజు తీసిన ఒక్క ఫొటో కూడా బాగుండదు.

కొనేదైతే యూపీఎఫ్ 50+ అని ఉన్నదాన్ని తీసుకోవాలి. అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతుకు మించి గుడ్డగుండా లోపలికి రావు. అయినా నీడలో ఉన్నాం కదా అని పసిపిల్లలను ఒంటి మీద బట్ట లేకుండా కూర్చోబెట్టకూడదు, ఎందుకంటే పొడి ఇసుక ఆ కిరణాల్లో దాదాపు 15 శాతాన్నీ, అలల నురగ 25 శాతాన్నీ పక్కనుంచి తిప్పి కొడతాయి.

ఇసుకలో పట్టు: ఇక్కడ తొందరపడకండి

ఇంతవరకు చెప్పినవాటిలో ఏది పొరపాటైనా కొంత ఇబ్బందితో పోతుంది. ఈ మెట్టు తప్పితే మాత్రం టెంట్ పోతుంది, పక్కవారికి దెబ్బ కూడా తగలవచ్చు. 2022లో అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో గాలికి ఎగిరిన బీచ్ గొడుగు గుచ్చుకుని ఒక మహిళ మరణించింది. గొడుగు కర్రకే అంత శక్తి ఉంటే పదడుగుల కనోపీ ఇనుప చట్రం ఏం చేయగలదో చెప్పనక్కరలేదు.

తాళ్లు కట్టడానికి నేలలో దిగగొట్టే సన్నని ఇనుప పెగ్గులు టెంట్‌తోపాటు వస్తాయి, అవి గట్టి నేల కోసం చేసినవి. మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని పెగ్గును బిగించి పట్టుకుంటాయి. పొడి ఇసుకకు ఆ గుణం లేదు. దాన్లో దిగిన పెగ్గు ఎంత తేలిగ్గా దిగిందో అంత తేలిగ్గా పైకి వస్తుంది. ఇసుకలో పట్టు దొరకాలంటే పాతే వస్తువు వెడల్పుగా ఉండాలి, దాని మీద ఇసుక బరువు పడేలా లోతుగా ఉండాలి. ఇంతకు మించిన రహస్యం లేదు. అయినా పెగ్గు మీద ఒక రాయి పెట్టి, ఇక కదలదని చేతులు దులుపుకునేవారే ఎక్కువ. తాడు పైకి లాగేటప్పుడు ఆ రాయి పక్కకు దొర్లుతుంది, అంతే.

రెండో పొరపాటు వేళకు సంబంధించినది. ఉదయం ఏడు గంటలకు ఒడ్డుకు చేరేవారికి గాలి దాదాపు ఉండదు, నాలుగు పెగ్గులకే టెంట్ బుద్ధిగా నిలబడుతుంది, అది చాలనుకుంటారు. ఎండెక్కేకొద్దీ నేల నీటి కన్నా త్వరగా వేడెక్కి, నేల మీది గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి సముద్రం మీదినుంచి చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం దాటాక అది జోరందుకుని సాయంత్రానికి తగ్గుతుంది, రాత్రి దిశ మార్చుకుని నేల మీదినుంచి సముద్రం వైపు వీస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుందని గుర్తుంచుకోవాలి. గంటకు 36 కిలోమీటర్ల గాలి నాలుగు చదరపు మీటర్ల గుడ్డకు సూటిగా తగిలితే అది దాదాపు 25 కిలోల బరువుతో నెట్టినట్టుంటుంది. 72 కిలోమీటర్ల ఈదురుగాలి అదే గుడ్డను వంద కిలోలతో నెడుతుంది. అందువల్ల ఉదయం గాలిని చూసి కాకుండా మధ్యాహ్నం గాలిని ఊహించుకుని తాళ్లు కట్టాలి.

పద్ధతి ఇది. అయిదు కిలోల బియ్యం సంచులు ఖాళీ అయినవి, ఒక్కో తాడుకు ఒకటి చొప్పున తీసుకెళ్లండి. పలుచటి కిరాణా కవర్లు చిరిగిపోతాయి, అవి వద్దు. గుడారం అంచునుంచి కనీసం మీటరున్నర దూరంలో, మోచేతి లోతున గుంట తవ్వండి. సంచిని తడి ఇసుకతో నింపి, మూతిని మడిచి, మధ్యలో నడుము దగ్గర తాడు కట్టి, ఆ తాడుకు అడ్డంగా ఉండేలా గుంటలో పడుకోబెట్టండి. తాడు గుంటనుంచి నిట్టనిలువుగా పైకి రాకూడదు. గుడారం వైపు గుంట అంచులో ఒక సన్నని వాలు కాలువ చెక్కి, తాడును దానిగుండా ఏటవాలుగా బయటికి తీయాలి. ఈ కాలువ చెక్కకుండా వదిలేసేవారే చివరికి ‘సంచి పద్ధతి పనిచేయదు’ అని ప్రచారం చేస్తారు. తాడు వాలుగా వచ్చినప్పుడే లాగుడు సంచిని దాని ముందున్న ఇసుక గోడకు అదుముతుంది, నిట్టనిలువుగా వస్తే పైకి పెళ్లగిస్తుంది. ఆ తరువాత గుంటను తడి ఇసుకతో పూడ్చి, పొరపొరకూ కాలితో తొక్కి గట్టిపరచండి.

పూడ్చగానే తాడు బిగించవద్దు. ముందు తాడును రెండు చేతులతో పట్టుకుని, గుడారం వైపునుంచి ఒంటి బరువంతా వేసి వెనక్కి వాలి చూడండి. సంచి కాస్త జరిగి ఆగితే మంచిదే. జరుగుతూనే ఉంటే మళ్లీ తవ్వాలి, ఇంకొంచెం లోతుగా. గాలి వచ్చే వైపున రెండు సంచులు అదనంగా పెట్టాలి, షెల్టర్ వీపు అటే ఉండాలి. నోరు గాలికి ఎదురుగా ఉంటే ఏ సంచీ ఆపలేదు. రాత్రికి కూడా ఉండదలచినవారు గాలి దిశ మారుతుంది కనుక నాలుగు వైపులా సమానంగా కట్టుకోవాలి. తాళ్లకు రంగు గుడ్డ పీలికలు కట్టండి, లేకపోతే పరుగెత్తే పిల్లలు తట్టుకుని పడతారు.

ఒడ్డున లంగరు వేసి ఉన్న పడవలకు గానీ వలల గుంజలకు గానీ తాళ్లు కట్టకండి. అవి జాలర్ల పనిముట్లు, ఏ వేళనైనా వాటితో వారికి పని పడుతుంది. నీళ్ల సీసాలను మూలల్లో వేలాడదీయడం కూడా పద్ధతి కాదు; అవి గాలికి ఊగి చట్రాన్నే కుదుపుతాయి. ఇన్ని చేసినా, గుడ్డ పటపటమని కొట్టుకోవడం మొదలై పోల్స్ వంకరపోతుంటే పట్టుదలకు పోకుండా గుడారాన్ని పడగొట్టి, దాని మీద కూర్చోండి. వెళ్లేటప్పుడు సంచులు తీసి గుంటలు పూడ్చాలి. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా శీతాకాలం చివరినుంచి వేసవి మొదటివరకు ఇసుకలో గుడ్లు పెడతాయి. పూడ్చని గుంటలో పడిన పిల్ల తాబేలు మళ్లీ పైకి రాలేదు.

చోటు విషయంలో ఒక్క మాట. గత పోటుకు కొట్టుకొచ్చిన చెత్త ఇసుక మీద ఒక గీతలా ఉంటుంది. గుడారం దానికి బాగా పైన ఉండాలి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా పైన.

రాతి నేల మీద

గండికోటలో పెన్నా లోయ అంచున పెగ్గు దిగదు, సంచి పాతడానికి ఇసుక ఉండదు. అక్కడికి పోల్స్ మీదే తనంతట తాను నిలబడే గుమ్మటం టెంట్ కావాలి. తాడును చిన్న రాయికి కట్టి, దాని ముందు, గుడారం వైపున, ఒక పెద్ద బండను ఆనించండి. పెద్ద రాయికే నేరుగా కడితే అంచుకు రాసుకుని తాడు తెగుతుంది. లోయ అంచుకు మరీ దగ్గరగా వేయవద్దని వేరే చెప్పాలా?

కొన్నాక

ప్రయాణానికి ముందే డాబా మీద ఒకసారి వేసి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టి చూడండి. బిల్లు చెల్లే గడువులోగానే చేయాలి. సముద్రం నుంచి వచ్చాక గుడ్డనూ పోల్స్‌నూ మంచినీటితో కడిగి, జిప్పుల్లోని ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులపాలి, ఎందుకంటే జిప్పును పాడు చేసేది వాడకం కన్నా ఇసుకే ఎక్కువ. సబ్బుపొడి వేయవద్దు, వాషింగ్ మెషీన్‌లో అసలే వేయవద్దు. నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. తడి మిగిలితే లోపలి పూత జిగటగా మారి, పొరలుపొరలుగా ఊడి, పుల్లటి వాసన వేస్తుంది. ఆ తరువాత దాన్ని బాగుచేయడం కుదరదు. ఆరిన గుడ్డను వచ్చిన సంచిలోకే కుక్కకుండా, వదులుగా చుట్టి పాత దిండు గలీబులో పెట్టి, అటక మీది వేడికి దూరంగా బీరువా అడుగున ఉంచండి.