గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఏది అప్‌గ్రేడ్ చేయాలి? కొనే ముందు ఎలా తేల్చుకోవాలి?

గేమ్ పెట్టిన మొదటి ఇరవై నిమిషాలు నా ల్యాప్‌టాప్ బంగారంలా నడిచేది. తర్వాత ఫ్యాన్లు హోరెత్తేవి, 90 దగ్గరున్న ఎఫ్‌పీఎస్ (సెకనుకి స్క్రీన్ మీద మారే ఫ్రేముల లెక్క) 45కి పడిపోయేది. ర్యామ్ చాలట్లేదేమో అనుకుని 16 జీబీని 32 చేశాను. మర్నాడు మళ్లీ ఇరవై నిమిషాలకే అదే హోరు, అదే 45. చివరికి అడుగు మూత విప్పి చూస్తే, ఫ్యాన్‌కీ దాని ముందున్న సన్నటి రేకులకీ మధ్య దుమ్ము అట్టకట్టి ఉంది. అంచు పట్టి లేపితే పాత దుప్పటి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. ఆ సాయంత్రం ఎఫ్‌పీఎస్ 80 కిందికి దిగలేదు. కొన్న ర్యామ్ మాత్రం ఇప్పటికీ సగం ఖాళీగానే పడి ఉంటుంది.

అందుకే ఇక్కడ కొనడం చివర్లో వస్తుంది. ముందు రోగం ఏంటో చూద్దాం.

1. ఏవి మారవో ముందు తెలుసుకోండి

ఈ కాలపు గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిట్లోనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ మదర్‌బోర్డుకి సోల్డర్ చేసి, అంటే విడదీయలేనట్టు అతికించి ఉంటాయి. డెస్క్‌టాప్‌లోలా పాత గ్రాఫిక్స్ కార్డు పీకి కొత్తది పెట్టడం కుదరదు. ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 16 లాంటి ఒకటీ అరా మోడళ్లలో గ్రాఫిక్స్ మాడ్యూల్ మార్చుకోవచ్చు గానీ, మీ చేతిలో ఉన్నది అది కాకపోతే ఆ ఆశ వదులుకోండి.

మిగిలేవి ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్), వై-ఫై కార్డు, బ్యాటరీ, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి చేర్చే పూత). ఇవి కూడా అన్ని మోడళ్లలో మారవు. పలచటి వాటిలో ర్యామ్ కూడా సోల్డర్ చేసే ఉంటుంది. మీ మోడల్ పేరు కాదు, అడుగున స్టిక్కర్ మీద ఉండే పూర్తి మోడల్ నంబరు చూసి, తయారీదారు సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దించుకోండి. ఒకే పేరుతో అమ్మిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి రెండు ఎస్ఎస్‌డీ స్లాట్లు, ఇంకోదానికి ఒకటే ఉండొచ్చు.

2. గేమ్ ఆడుతూ కొలవండి

అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది దాటేసేది కూడా దీన్నే.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుంటే గేమ్ నడుస్తుండగానే స్క్రీన్ మూలన అంకెలు కనిపిస్తాయి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం, జీపీయూ ఉష్ణోగ్రత, వీర్యామ్ (గ్రాఫిక్స్ చిప్ సొంత మెమరీ), సీపీయూలో (ప్రాసెసర్‌లో) ఒక్కో కోర్ వాడకం, సీపీయూ ఉష్ణోగ్రత, క్లాక్ స్పీడ్ (చిప్ నడిచే వేగం), ర్యామ్, ఎఫ్‌పీఎస్... ఇవన్నీ పెట్టుకోండి. ఛార్జర్ తగిలించి, ల్యాప్‌టాప్‌ని పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఉంచి, మీకు ఇబ్బంది పెడుతున్న గేమే కనీసం అరగంట ఆడండి. బ్యాటరీ మీద ఆడి కొలిస్తే లాభం లేదు, అప్పుడు జీపీయూకి పూర్తి కరెంటు అందదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ బదులు తక్కువ వాట్ల ఛార్జర్ వాడుతున్నా అదే కథ. ఫోన్‌తో స్క్రీన్‌ని ఐదేసి నిమిషాలకోసారి ఫొటో తీసుకుంటే తర్వాత పోల్చుకోవడం తేలిక.

ఇప్పుడు ఆ అంకెలు ఏం చెప్తున్నాయో చూడండి.

ఉష్ణోగ్రత ఎక్కి, అదే సమయంలో క్లాక్ స్పీడ్ కిందికి జారి, దాంతోపాటు ఎఫ్‌పీఎస్ పడిపోతే సమస్య వేడి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడో తమ హద్దు గీసుకుంటాయి. అక్కడికి చేరగానే కాలిపోకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మొదటి ఐదు నిమిషాలు బాగుండి తర్వాత చెడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వేడి అదుపులోనే ఉండి జీపీయూ వాడకం 95–99 శాతం దగ్గర నిలబడితే, మీ గ్రాఫిక్స్ చిప్ తన శక్తినంతా పెడుతోందన్నమాట. ఇక్కడ ర్యామ్ కొన్నా, ఎస్ఎస్‌డీ కొన్నా ఎఫ్‌పీఎస్ కదలదు. షాడోలు తగ్గించుకోవడం, గేమ్‌ని తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్ గానీ ఎఫ్ఎస్ఆర్ గానీ ఆన్ చేసుకోవడం, వీటికి పైసా ఖర్చు లేదు. వీర్యామ్ నిండిపోయి కుదుపులొస్తుంటే టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించండి. వీర్యామ్ విడిగా కొని పెట్టుకునేది కాదు.

జీపీయూ 60–70 శాతం దగ్గరే తిరుగుతూ ఎఫ్‌పీఎస్ పెరగకపోతే, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ లిమిట్, వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని స్క్రీన్ వేగానికి కట్టేసే సెట్టింగ్) లాంటివి పెట్టి లేవని చూసుకుని, సీపీయూ వైపు చూడండి. మొత్తం సీపీయూ వాడకం చూసి మోసపోకండి. 16 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరసల) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నలిగిపోతున్నా మొత్తం లెక్కలో అది ఆరు శాతంగానే కనిపిస్తుంది. అందుకే ఒక్కో కోర్ విడిగా చూడమన్నది. ప్రాసెసర్ మార్చలేం నిజమే, కానీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండటం వల్ల కూడా సీపీయూ ఇలా వెనకబడుతుంది. దాని సంగతి కింద చెప్తాను.

ర్యామ్ 90 శాతం దాటి గేమ్ క్షణం క్షణం ఆగి ఆగి నడుస్తుంటే ర్యామ్ చాలట్లేదు. కొత్త ఏరియాలోకి వెళ్లినప్పుడల్లా ఆగుతూ, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే, ముఖ్యంగా గేమ్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే ఉంటే, మందు ఎస్ఎస్‌డీ. ఆన్‌లైన్ గేమ్‌లో మాత్రమే లాగ్ వచ్చి, ఎఫ్‌పీఎస్ బాగానే ఉంటే అది నెట్ సమస్య. లోపల ఏమీ కొనకండి, ముందు లాన్ కేబుల్ పెట్టి చూడండి.

3. వేడి సమస్యైతే ముందు ఊడ్చండి

ల్యాప్‌టాప్ వెనక వైపు పుస్తకమంత ఎత్తు లేపి చూడండి. అంతమాత్రానికే నాలుగైదు డిగ్రీలు తగ్గితే లోపలికి గాలి అందట్లేదని అర్థం. తర్వాత మూత విప్పి (జాగ్రత్తలు 7లో ఉన్నాయి) దుమ్ము తీయండి. గాలి డబ్బాతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి. విడిచిపెడితే అది మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ చెడిపోవచ్చు.

రెండు మూడేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌కి దుమ్ము తీసినా తేడా రాకపోతే థర్మల్ పేస్ట్ మార్చే ఆలోచన చేయొచ్చు. ఒక్క జాగ్రత్త. కొన్ని గేమింగ్ మోడళ్లలో మామూలు పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వేస్తారు. చిప్ వేడిని లాగే లోహపు భాగాన్ని (హీట్‌సింక్) ఎత్తగానే పాదరసంలా మెరుస్తూ కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. అది కరెంటును మోసుకెళ్తుంది. ఒక్క బొట్టు పక్కనున్న భాగాల మీద పడితే బోర్డే పోతుంది. ఆ పని తెలిసినవాళ్లకి వదిలేయండి.

కూలింగ్ ప్యాడ్లు? అడుగున గాలి లాగే రంధ్రాలున్న మోడళ్లకి కొంత పనికొస్తాయి. దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ కింద కూలింగ్ ప్యాడ్ పెట్టడం మాత్రం ముక్కు మూసుకుపోయినవాడికి విసనకర్రతో విసిరినట్టే.

4. ర్యామ్ కొనాలనుకుంటే

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. 'స్లాట్స్ యూజ్డ్' అని ఉన్నచోట రెండింటిలో ఒకటే వాడుతోందని కనిపిస్తే సంతోషించండి, మీకు తేలిగ్గా దొరికే లాభం అక్కడే ఉంది. ఒక స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి మెమరీతో ఒకే దారి. రెండు పెడితే దారి రెట్టింపు అవుతుంది. దీన్నే డ్యూయల్ ఛానెల్ అంటారు. సీపీయూ వెనకబడుతున్న గేమ్‌లలో ఇది ఎఫ్‌పీఎస్‌ని సగటున పెంచడమే కాదు, మధ్యమధ్యలో వచ్చే కుదుపుల్ని కూడా తగ్గిస్తుంది. అదే పేజీలో 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే మాత్రం ర్యామ్ సోల్డర్ చేసినది.

8 నుంచి 16కి వెళ్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. 16 నుంచి 32 అన్నది, గేమ్ వెనక బ్రౌజరూ రికార్డింగూ అన్నీ నడిపేవాళ్లకి, గేమ్‌కి పెద్ద మోడ్‌లు (ఆటగాళ్లు చేసిన అదనపు మార్పులు) వేసుకునేవాళ్లకి. కొలిచినప్పుడు ర్యామ్ 11, 12 జీబీ దగ్గరే ఆగితే 32 మీకు అక్కర్లేదు. నా అనుభవం పైన చెప్పానుగా.

కొనేటప్పుడు డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు ర్యామ్ తరాల తేడా చూసుకోండి. ల్యాప్‌టాప్ స్టిక్‌లో మొదటిదానికి 260 పిన్నులు, రెండోదానికి 262. గాడి కూడా వేరేచోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. డెస్క్‌టాప్ స్టిక్ అసలే పట్టదు, 'ఎస్ఓ-డిమ్' అని రాసి ఉన్నదే తీసుకోవాలి. వేగం విషయంలో ఎక్కువ పెట్టి లాభం లేదు. ఉన్న స్టిక్ 3200 అయితే పక్కన ఇంకా వేగమైనది పెట్టినా రెండూ నెమ్మదైన దాని వేగంతోనే నడుస్తాయి. వీలైతే ఒకే సైజు, ఒకే వేగం ఉన్న జత తీసుకోండి.

డీడీఆర్5 పెట్టి మొదటిసారి ఆన్ చేస్తే ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకాసేపు, స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. కొత్త మెమరీని పరీక్షించి సర్దుకుంటోందంతే.

5. ఎస్ఎస్‌డీ కొనాలనుకుంటే

ఎస్ఎస్‌డీ వల్ల ఎఫ్‌పీఎస్ పెరగదు. లోడింగ్ టైమ్ తగ్గుతుంది, గేమ్‌లకి చోటు దొరుకుతుంది. ఇది ముందే ఒప్పుకుని కొంటే తర్వాత నిరాశ ఉండదు.

హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా పెద్ద మార్పే. పాత రకం సాటా ఎస్ఎస్‌డీ సెకనుకి దాదాపు 550 ఎంబీ చదువుతుంది. కొత్త రకమైన ఎన్‌వీఎంఈలో పీసీఐఈ 3.0 తరానిది దాదాపు 3500, 4.0 అయితే 7000 దాకా చదువుతుంది. అంకెలు రెట్టింపయినా గేమ్ లోడయ్యే సమయం సగానికి తగ్గదు. 3.0కీ 4.0కీ మధ్య చాలా గేమ్‌లలో తేడా ఒకటి రెండు సెకన్లే. అందుకే నేనైతే వేగం కంటే సైజుకే డబ్బు పెడతాను. ఒక టీబీ వేగమైనది కంటే రెండు టీబీ మామూలుదే మేలు.

స్లాట్ కొలత మాన్యువల్‌లో చూడండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242 స్లాట్‌లో అది పట్టదు. ఎత్తుగా ఉండే హీట్‌సింక్‌తో వచ్చేవి ల్యాప్‌టాప్ మూత కింద ఇరుక్కుంటాయి, అవి లేనివి తీసుకోండి. ఇంకో చిన్న విషయం: ఎస్ఎస్‌డీని బిగించే బుల్లి స్క్రూ చాలాసార్లు డబ్బాలో ఉండదు. ఖాళీ స్లాట్‌లో స్క్రూ ఉందో లేదో మూత విప్పినప్పుడే చూసుకుంటే రాత్రి పదింటికి వెతుక్కునే పని తప్పుతుంది.

విండోస్ ఉన్న డ్రైవ్‌నే మార్చేట్టయితే, మూత విప్పకముందే బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోండి.

6. బయట కొనేవి

కొన్ని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ గీసిన ఫ్రేమ్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా తిరిగి స్క్రీన్‌కి చేరుతుంది. ఈ చుట్టుదారిని తప్పించే మక్స్ స్విచ్ లేనివాటి సంగతి ఇది. వాటిలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద చిప్‌కే కలిసి ఉంటే, బయటి మానిటర్ పెట్టినంతమాత్రానే కొన్ని ఫ్రేములు పెరుగుతాయి. ఆ మానిటర్ మీరు తర్వాత కొనే ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది.

థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు ఉంటే దానితో బయట గ్రాఫిక్స్ కార్డు పెట్టడం కుదురుతుంది. పెట్టె, కార్డు, పవర్ సప్లై అన్నీ కలిపితే చాలా ఖర్చు. పైగా థండర్‌బోల్ట్ 3, 4లకి సెకనుకి 40 గిగాబిట్ల హద్దు ఉండటంతో కార్డు శక్తి కొంత దారిలోనే పోతుంది. జీపీయూనే చాలట్లేదని తేలినవాళ్లు ఆ డబ్బు దాచి తర్వాతి ల్యాప్‌టాప్‌కి పెట్టడం మేలు. అప్పుడు చిప్ పేరుతోపాటు దానికి ఇచ్చిన వాట్లు కూడా చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌నే ఒక మోడల్‌లో 35 వాట్లతో, ఇంకోదాంట్లో 115 వాట్లతో నడపొచ్చు. పేరు ఒకటే, ఆట వేరు.

7. బిగించి, మళ్లీ కొలవండి

మూత విప్పితే వారంటీ ఏమవుతుందో ముందు చదవండి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. తీసిన స్క్రూలని ఒక కాగితం మీద అవి ఉన్న వరసలోనే పెట్టండి. వాటిలో పొడుగువి, పొట్టివి ఉంటాయి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే కొన వెళ్లి బోర్డుకో పై మూతకో గుచ్చుకుంటుంది. మూత అంచుల్ని కత్తితో కాకుండా పాత ప్లాస్టిక్ కార్డుతో లేపండి.

బిగించాక మళ్లీ అదే గేమ్, అవే సెట్టింగ్‌లు, అదే చోట, అరగంట. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూడండి. అంకెలు కదలకపోతే డబ్బా, బిల్లు పారేయకండి, వాపసు గడువు ఇంకా ఉండొచ్చు.